ఫిబ్రవరి 31న పుట్టినవాడు: జావా వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో ఏది సులువు?

ఒక చిన్న ఫారం. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, కింద సబ్మిట్ బటన్. ఎవరో పుట్టిన తేదీ దగ్గర 31-02-1990 అని కొట్టి బటన్ నొక్కారు. అలాంటి తేదీ లేదని పేజీ మర్యాదగా చెప్పాలి. అప్పటికే కొట్టిన పేరూ నంబరూ చెరిపేయకుండా ఫారాన్ని తిరిగి చూపించాలి. పని ఇంతే. దీనికి డెవలపర్ ఎన్ని ఫైళ్లు ముట్టుకోవాలి, ఎన్ని చోట్ల ఒకే పేరును ఒకేలా రాయాలి, ఎక్కడైనా ఒక అక్షరం తప్పితే ఆ సంగతి ఎంతసేపటికి బయటపడుతుంది? జావా వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో ఏది సులువని ఎవరైనా అడిగితే నేను ముందు పెట్టే పరీక్ష ఈ ఫారమే. ఏ ఫ్రేమ్‌వర్క్ సైటుకు వెళ్లినా మొదటి పేజీలో హలో వరల్డ్ ఉంటుంది. హలో వరల్డ్‌లో అన్నీ సులువే, పెళ్లిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే అయినట్టు.

అసలు సులువు అనే మాటే ఒకటి కాదు. మొదటిరోజు సులువు వేరు. తప్పు చేసిన రోజు సులువు వేరు. ఎవరో రాసిపోయిన కోడ్ మూడేళ్ల తర్వాత మన నెత్తిన పడినప్పుడు కావలసిన సులువు ఇంకా వేరు. ఫ్రేమ్‌వర్కుల మీద జరిగే గొడవల్లో సగం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చేవే. 2010లో డెవాక్స్ సదస్సులో మ్యాట్ రేబుల్ అనే డెవలపర్ 20 అంశాలతో ఒక పట్టిక వేసి, ఒక్కో ఫ్రేమ్‌వర్కుకు మార్కులిచ్చి చూపించాడు. ఆ మార్కుల మీద చాలామంది విరుచుకుపడ్డారు. నిజానికి ఏ అంశానికి ఎంత బరువు ఇస్తామన్నదాన్ని బట్టి అలాంటి పట్టికలో మొదటి ర్యాంకు మారిపోతూనే ఉంటుంది. నా బరువంతా తప్పు చేసిన రోజు సులువు మీదే. డెవలపర్‌కి రోజులో ఎక్కువ భాగం గడిచేది పనిచేయని కోడ్ ముందే కదా.

1997లో సర్వ్‌లెట్లు వచ్చినప్పుడు ఫ్రేమ్‌వర్క్ అన్న ఊసే లేదు. బ్రౌజర్ ఏం పంపినా స్ట్రింగ్‌గా చేతికొచ్చేది, మిగతాదంతా మన చాకిరీ. ఆ స్ట్రింగ్‌ను సింపుల్‌డేట్‌ఫార్మాట్ చేతికిస్తే అది 31-02-1990ని తప్పు అనదు. ఆ ఏడాది ఫిబ్రవరికి 28 రోజులే కనుక మిగిలిన మూడు రోజులూ ముందుకు జరిపి, మార్చి 3 అని రాసుకుని ఊరుకుంటుంది. లీనియంట్ అనే ఆ సడలింపును ఆపేయమని మనం ప్రత్యేకంగా చెబితేనే ఎర్రర్ ఇస్తుంది. ఇక హెచ్‌టీఎంఎల్ సంగతి: ఒక్కో లైనూ ప్రింట్‌ఎల్‌ఎన్‌లో పెట్టి, కొటేషన్ గుర్తులకు ముందు బ్యాక్‌స్లాష్‌లు గుచ్చుతూ రాయాలి. 1999లో జేఎస్‌పీ వచ్చి దీన్ని తిరగేసింది. జావాలో హెచ్‌టీఎంఎల్ పోయి హెచ్‌టీఎంఎల్‌లో జావా వచ్చింది. మొదటిరోజు ఇంతకన్నా సులువైనది మళ్లీ రాలేదనే చెప్పాలి. ఫైలు సేవ్ చేసి పేజీ రిఫ్రెష్ చేస్తే చాలు. మూడో ఏడు వచ్చేసరికి ఒక్కో జేఎస్‌పీ వేల లైన్లకు పెరిగి, మధ్యలో డేటాబేస్ కనెక్షన్లు, చివర్లో ఎక్కడ మూశామో తెలియని బ్రాకెట్లు.

ఆ అడవిలో మొదటి బాట వేసింది స్ట్రట్స్. క్రెయిగ్ మెక్లనహాన్ 2000లో మొదలుపెట్టాడు, 2001లో 1.0 వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ గోల అని ఇవాళ అందరూ తిట్టే ఈ స్ట్రట్స్ అప్పట్లో ఒక మేలు చేసింది. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పింది. కొత్త కంపెనీలో చేరినా స్ట్రట్స్-కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే మొత్తం అప్లికేషన్ పటంలా కనిపించేది. చిక్కు మన ఫారం దగ్గర వచ్చేది. పుట్టిన తేదీ అనే ఒక్క గడి చేర్చాలంటే జేఎస్‌పీలో ఒక ట్యాగు, యాక్షన్‌ఫారంలో గెటర్, సెటర్, వ్యాలిడేషన్ ఫైల్లో ఒక నియమం, ప్రాపర్టీస్ ఫైల్లో దానికి సందేశం, యాక్షన్‌లో స్ట్రింగ్‌ను తేదీగా మార్చే కోడ్. యాక్షన్‌ఫారంలో తేదీని తేదీగా పెట్టకూడదు, స్ట్రింగ్‌గానే పెట్టాలి. లేకపోతే యూజర్ కొట్టిన తప్పు తేదీని తిరిగి చూపించడానికి దాచుకునే చోటుండదు. ఈ అయిదు చోట్ల పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట పెద్ద అక్షరం, ఇంకోచోట చిన్న అక్షరం పడిందా, పేజీ తెరిచినప్పుడు ఆ ప్రాపర్టీకి గెటర్ మెథడ్ లేదనే ఎర్రర్ వచ్చేది. అక్కడ ఉండేది మన క్లాసు పేరు కాదు, స్ట్రట్స్ లోపల వాడుకునే ఒక బీన్ పేరు. ఆ కాలంలో పనిచేసినవాళ్లెవరికైనా ఆ ఎర్రర్ వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు.

నేను చేరిన మొదటి ప్రాజెక్టు ఇదే తీరు. కంపెనీ పేరెందుకు గానీ, అక్కడ ఒక అక్షరం సరిచేస్తే మళ్లీ బిల్డ్, మళ్లీ డిప్లాయ్, సర్వర్ ఆపడం, లేపడం, లాగిన్ కావడం, నాలుగు స్క్రీన్లు దాటి ఆ ఫారం దాకా రావడం. టీ తాగి వచ్చినా సర్వర్ లేచేది కాదు. అప్పుడు అర్థం కాలేదు గానీ, మేము స్ట్రట్స్‌ని తిట్టుకున్న తిట్లలో ముప్పాతిక ఎక్స్‌ఎంఎల్‌కి చెందవు, ఆ ఎదురుచూపులకే చెందుతాయి. ఈ ఎదురుచూపుల మీదే ఎస్టోనియాలో ఒక వ్యాపారం పుట్టింది. సర్వర్ ఆపకుండా మార్చిన క్లాసును మాత్రం తిరిగి లోడ్ చేసే జేరెబెల్ అనే పనిముట్టును డబ్బులకు అమ్మి బతికారు. ఆ కష్టానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

2004లో జేఎస్‌ఎఫ్ వచ్చింది. విజువల్ బేసిక్‌లో బటన్ లాగి పెట్టినట్టు వెబ్ పేజీలోనూ పెట్టవచ్చన్నది దాని ఆశ. ఒక్కో రిక్వెస్టూ ఆరు దశలు దాటుతుంది. పాత వ్యూను తిరిగి నిలబెట్టడం, విలువలు అందుకోవడం, తనిఖీ, మోడల్లో నింపడం, మన మెథడ్‌ను పిలవడం, చివరికి పేజీ గీయడం. పుస్తకంలో చదివితే ముచ్చటగా ఉంటుంది. మన ఫారం నింపి, ఫిబ్రవరి 31 కొట్టి, బటన్ నొక్కితే ఏమవుతుందో చూడండి. ఏమీ కాదు. పేజీ ఒకసారి మెరిసి మళ్లీ అదే పేజీ. ఎర్రర్ లేదు, స్టాక్‌ట్రేస్ లేదు. మెథడ్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే అక్కడికి రానే రాదు. ఒక సాయంత్రమంతా బటన్ ట్యాగునే అనుమానిస్తూ కూర్చున్నాను. అసలు జరిగిందేమిటంటే, మూడో దశలో తేదీ చెల్లలేదు, జేఎస్‌ఎఫ్ అక్కణ్నించి నేరుగా ఆరో దశకు దూకింది. ఆ సందేశాన్ని చూపించే మెసేజెస్ ట్యాగు నేను పేజీలో పెట్టలేదు. చెప్పడానికి దాని దగ్గర మాట ఉంది, చెప్పే చోటు లేక మింగేసింది. తర్వాత్తర్వాత ఇలాంటప్పుడు లాగ్‌లో ఒక హెచ్చరిక రాయడం అది నేర్చుకుంది.

2009లో 2.0 వచ్చాక ఫేస్‌లెట్లు, యానొటేషన్లతో జేఎస్‌ఎఫ్ చాలా తేలికపడింది. థాట్‌వర్క్స్ టెక్నాలజీ రాడార్ 2014 జనవరిలో దాన్ని వాడొద్దనే వరుసలో పెట్టింది. వెబ్ సహజంగా గుర్తుపెట్టుకోనిదాన్ని ఇది సర్వర్‌లో గుర్తుపెట్టుకోబోతుందన్న ఆ విమర్శ సరైనదే. అయినా జేఎస్‌ఎఫ్ మీద నడిచే ప్రైమ్‌ఫేసెస్ అనే కాంపొనెంట్ లైబ్రరీలోని పట్టికతో సార్టింగు, పేజీలు, వెతుకులాట అన్నీ మధ్యాహ్నం లోపు పూర్తిచేసినవాణ్ని నేను. ఆఫీసు లోపల యాభై మంది వాడే డేటా ఎంట్రీ స్క్రీన్లకు అది చెడ్డ ఎంపిక అంటే ఒప్పుకోను.

ఈ కాంపొనెంట్ల వర్గంలో నాకు కాస్త మమకారం ఉన్నది వికెట్ మీద. 2004లో జొనాథన్ లాక్ మొదలుపెట్టాడు. హెచ్‌టీఎంఎల్ ఫైల్లో వికెట్-ఐడీ అనే ఒక గుర్తు తప్ప ఇంకేమీ ఉండదు, డిజైనర్ దాన్ని నేరుగా బ్రౌజర్లో తెరుచుకోవచ్చు. మిగిలినదంతా శుద్ధ జావా. కోడ్‌లో ఒక కాంపొనెంట్ పెట్టి పేజీలో దాని గుర్తు మరిచిపోతే, ఏ కాంపొనెంటో పేరు చెప్పి, బహుశా మీరు మార్కప్‌లో దీన్ని పెట్టడం మరిచిపోయి ఉంటారు అని స్క్రీన్ మీదే చెబుతుంది. ఇంటిదగ్గర పెద్దక్కలా, తిట్టినా దారి చూపిస్తుంది. దాని కష్టం వేరేచోట ఉంది. పేజీ మొత్తం ఒక జావా ఆబ్జెక్టు కాబట్టి అది సెషన్లో కూర్చుంటుంది. మోడల్ అనే దాని ఊహ ఒంటబట్టని కొత్తవాడు డేటాబేస్ నుంచి తెచ్చిన లిస్టును పేజీలో ఫీల్డుగా పెట్టేస్తాడు. టెస్టింగులో అంతా బాగుంటుంది. వెయ్యిమంది ఒక్కసారి లాగిన్ అయిన రోజు సర్వర్ మెమరీ చాలక కూలబడుతుంది. హవర్డ్ లూయిస్ షిప్ రాసిన ట్యాపెస్ట్రీ ఎర్రర్ పేజీల్లో, క్లాసులను వెంటనే తిరిగి లోడ్ చేయడంలో మిగతావాళ్లకన్నా ముందుండేది. కానీ 3 నుంచి 4కి, 4 నుంచి 5కి పోవాలంటే దాదాపు మళ్లీ రాసుకోవాల్సి వచ్చేది. అలా చేస్తే ఎంత మంచిదైనా జనం నిలవరు. జావా రాస్తే జావాస్క్రిప్టుగా మార్చిపెట్టే జీడబ్ల్యూటీ, ఫిన్లాండ్ వాళ్ల వాడిన్ సంగతి వేరే వ్యాసం.

2004లో రూబీ ఆన్ రైల్స్ రావడంతో జావా వాళ్లకి మొదటిసారి సిగ్గేసింది. పేర్లు పద్ధతిగా పెడితే కాన్ఫిగరేషన్ రాయక్కర్లేదని రైల్స్ వాళ్లు చూపించారు. జవాబుగా 2008లో గ్రేల్స్ 1.0, 2009లో ప్లే 1.0 వచ్చాయి. ప్లే ఫ్రేమ్‌వర్క్ మొదటి వెర్షన్ తెరిచిన రోజు నాకింకా గుర్తు. కోడ్‌లో సెమీకోలన్ కావాలనే తీసేసి బ్రౌజర్ రిఫ్రెష్ చేశాను. తప్పున్న లైను ఎర్రటి చారతో బ్రౌజర్లోనే కనిపించింది. సరిచేసి మళ్లీ రిఫ్రెష్ చేస్తే పేజీ వచ్చేసింది. టీకి వెళ్లే సాకే పోయింది. 2012లో వచ్చిన ప్లే 2 లోపల అంతా స్కాలా, బిల్డ్ పద్ధతి మారింది, పాత అప్లికేషన్లు నేరుగా ఎక్కలేదు. మొదటి రెండు సులువుల్లో అందరినీ మించినది మూడోదాంట్లో జారిపడింది.

ఇక స్ప్రింగ్. రాడ్ జాన్సన్ 2002లో జే2ఈఈ మీద రాసిన పుస్తకంలోని కోడ్ నుంచి పుట్టి, 2004లో 1.0 అయింది. ఎక్స్‌ఎంఎల్ విషయంలో మొదట స్ట్రట్స్‌కేమీ తీసిపోలేదు. 2007లో 2.5తో కంట్రోలర్ యానొటేషన్లు వచ్చాకే మన ఫారం ఒక క్లాసులో ఇమిడింది. అందులోనూ ఒక ముల్లు ఉంది. తప్పుల జాబితా మోసుకొచ్చే బైండింగ్‌రిజల్ట్ అనే ఆర్గ్యుమెంటు, ఫారం ఆబ్జెక్టు పక్కనే, వెంటనే రావాలి. మధ్యలో మోడల్‌ను దూర్చారో, మెథడ్ లోపలికే రాకుండా బయటే 400 ఎర్రర్ పడుతుంది. ఆర్గ్యుమెంట్ల వరసకు అర్థం ఉంటుందని జావా నేర్చుకున్నవాడికి ఎలా తడుతుంది? వరస సరిగ్గా పెడితే స్ప్రింగ్ ఫారం మాత్రం ఫిబ్రవరి 31ని ఒప్పుకోదు, అది మెచ్చుకోవాలి. అయితే స్ట్రింగ్ నుంచి లోకల్‌డేట్‌కి మార్చలేకపోయానని, జావా ప్యాకేజీ పేర్లతో సహా, ఇంగ్లిషులో చాంతాడంత వాక్యాన్ని యూజర్ ముందు పరుస్తుంది. టైప్‌మిస్‌మ్యాచ్ అనే పేరుతో ప్రాపర్టీస్ ఫైల్లో మన సందేశం రాసేదాకా ఆ వాక్యమే. ఇలాంటి పేజీలు ప్రొడక్షన్లో చూశాను, మీరూ చూసే ఉంటారు.

2014 ఏప్రిల్‌లో స్ప్రింగ్ బూట్ 1.0 వచ్చింది. సర్వర్‌ను లోపలే పెట్టుకుని మెయిన్ మెథడ్‌తో లేచే అప్లికేషన్. ఎక్స్‌ఎంఎల్ లేదు, టామ్‌క్యాట్ విడిగా ఇన్‌స్టాల్ చేసే పనిలేదు. మొదటిరోజు సులువులో దీనికి నూటికి తొంభై ఇస్తాను. తప్పు చేసిన రోజుకు రెండు ముఖాలున్నాయి. 8080 పోర్టు ఇంకెవరో వాడుతుంటే, ఏం జరిగిందో, ఏం చేయాలో రెండు విడి పేరాల్లో చెప్పి ఆగిపోతుంది. స్టాక్‌ట్రేస్‌ల దేశంలో అలాంటి మాట వినడమే హాయి. రెండో ముఖం కొత్తవాళ్లందరూ చూసేదే. కంట్రోలర్ రాశాడు, యానొటేషన్ పెట్టాడు, అప్లికేషన్ చక్కగా లేచింది, బ్రౌజర్లో వైట్‌లేబుల్ ఎర్రర్ పేజీ, 404. కోడ్‌లో తప్పు లేదు. మెయిన్ క్లాసున్న ప్యాకేజీకి పక్కన ఇంకో ప్యాకేజీలో కంట్రోలర్ పెట్టాడు, స్ప్రింగ్ తన కింద ఉన్నవాటినే వెతుకుతుంది. అలాగే సెక్యూరిటీ డిపెండెన్సీ ఒక్కటి చేర్చగానే, ఎవరూ రాయని లాగిన్ పేజీ ఒకటి ప్రత్యక్షమవుతుంది, దాని పాస్‌వర్డ్ కన్సోల్లో అచ్చవుతుంది. అది తెలియక కన్సోల్ పైకి జరపకుండా గంటలు గంటలు గడిపిన ఫ్రెషర్లున్నారు. ఎక్స్‌ఎంఎల్ రోజుల్లో మనం రాసిందే జరగలేదని బాధ. ఇప్పుడు మనం రాయనిది ఎందుకు జరుగుతోందని బాధ. డీబగ్ ఫ్లాగుతో లేపితే ఏ కాన్ఫిగరేషన్ ఎందుకు తగిలిందో, ఏది ఎందుకు తగల్లేదో పెద్ద రిపోర్టు వస్తుంది గానీ, దాన్ని చదవడం వచ్చేసరికి ఆ మనిషి ఫ్రెషర్‌గా ఉండడు.

ఇన్ని ముళ్లున్నా స్ప్రింగే ఎందుకు నెగ్గింది? హైదరాబాద్ వాళ్లకి దీని జవాబు అమీర్‌పేటలో దొరుకుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ అని మూడింటినీ ఒక్క ఊపిరిలో చెప్పే బోర్డులు, జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ మెటీరియల్. వికెట్ నేర్పే బోర్డు నా కళ్లబడలేదు. పక్క సీట్లో కూర్చున్నవాడికి తెలిసి ఉండటం, వెతికిన ఎర్రర్‌కి పదేళ్ల నాటి జవాబు దొరకడం, నోటీసు పీరియడ్‌లో ఉన్నవాడి స్థానంలో ఇంకొకడు వారంలో రావడం, ఇవీ సులువే. మేనేజర్‌కైతే ఇదొక్కటే సులువు. పట్టికల్లో దీనికి మార్కులు వేసేవాళ్లు తక్కువ.

ఫారంలోని గడులను పేర్లు చూసి ఆబ్జెక్టులో వాటంతటవే నింపే సదుపాయం ఉంది చూశారూ, ఈ ఇరవయ్యేళ్లలో డెవలపర్‌కి దక్కిన పెద్ద వరం అదే, పెద్ద ముప్పూ అదే. స్ట్రట్స్ 2లో దీనికోసం ఓజీఎన్‌ఎల్ అనే చిన్న భాష ఉంది. 2017 మార్చిలో బయటపడిన లోపం ఏమిటంటే, రిక్వెస్టులోని కంటెంట్-టైప్ హెడర్లో ఆ భాషలో ఏదైనా రాసి పంపితే ఫ్రేమ్‌వర్క్ దాన్ని నమ్మకంగా అమలుచేసేది. సవరణ అదే నెలలో విడుదలైంది. దాన్ని వేసుకోని ఈక్విఫాక్స్‌లోకి దొంగలు మే నెలలో దూరారు, సుమారు 14.7 కోట్ల మంది అమెరికన్ల వివరాలు పోయాయి. స్ప్రింగ్‌కూ ఆ దెబ్బ తగిలింది. 2022 మార్చి చివర్లో బయటపడి స్ప్రింగ్4షెల్ అని పేరుపడిన లోపమైతే నేరుగా ఫారం నింపే ఈ దారిలోదే. గడి పేరు స్థానంలో క్లాసు, మాడ్యూలు, క్లాస్‌లోడరు అంటూ చుక్కలు కలుపుకుంటూ పోతే టామ్‌క్యాట్ సెట్టింగుల దాకా చెయ్యి చేరేది. మన ఫారంలో మూడే గడులున్నాయని మనకు తెలుసు, ఫ్రేమ్‌వర్కుకు తెలియదు. అందుకే డేటాబేస్ ఎంటిటీనే ఫారంగా వాడేసే అలవాటును నేను ఎక్కడ చూసినా మాన్పిస్తుంటాను, టైపింగ్ పెరిగిందని గొణుగుతారు.

మూడో ఏటి సులువు గురించి చెప్పాలంటే జకార్తా పేరు మార్పిడి చాలు. జావా ఈఈని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది, పేరు మాత్రం ఇవ్వలేదు. దాంతో 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9లో జావాఎక్స్ అన్న ప్యాకేజీలన్నీ జకార్తా అయ్యాయి. స్ప్రింగ్ బూట్ 3 2022 నవంబరులో ఆ దారే పట్టింది, పైగా జావా 17 కావాలంది. ఫైండ్-రీప్లేస్ కొడితే అయిపోతుందనుకుని దిగినవాళ్లు, జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ దగ్గర బోల్తాపడ్డారు. అది జేడీకేలోదే, దాని పేరు మారలేదు. మన కోడ్ కన్నా, మనం వాడే లైబ్రరీల్లో అటు పోనివి రెండు మిగిలితే వాటితోనే నెలలు గడిచాయి.

2018లో మైక్రోనాట్, 2019లో క్వార్కస్ కొత్త బేరం తెచ్చాయి. అప్లికేషన్ లేచేటప్పుడు రిఫ్లెక్షన్‌తో వెతికే పనిని చాలామటుకు బిల్డ్ సమయానికే జరిపేశాయి. ఫలానా బీన్ దొరకలేదన్న సంగతి క్వార్కస్ బిల్డ్‌లోనే చెబుతుంది. సేవ్ చేసి రిఫ్రెష్ చేస్తే మార్పు కనిపించే దాని డెవ్ మోడ్ చూసినప్పుడు నాకు ప్లే మొదటి వెర్షన్ గుర్తొచ్చింది. పదేళ్లు పట్టింది అక్కడికి తిరిగి రావడానికి. 2017 నాటి జావలిన్ ఇంకోవైపు నిలబడింది. యానొటేషన్లే లేవు, ఏ దారికి ఏ ఫంక్షనో మెయిన్‌లోనే రాసి ఉంటుంది. చేతిపని ఎక్కువ, గానీ ఎడిటర్లో వేలు పెట్టి అనుసరించగలిగిన కోడ్. ఇద్దరు ముగ్గురు ఉన్న జట్టు చిన్న సర్వీసు రాస్తుంటే నేను చెప్పేది ఇదే. యాభై మంది వచ్చిపోయే ప్రాజెక్టయితే బూట్, లోపలి స్క్రీన్లయితే ప్రైమ్‌ఫేసెస్ లేదా వాడిన్.

ఈమధ్య బూట్‌లోనే మన ఫారానికి జేసన్ ఏపీఐ రాశాం. పేజీ గీసే పని రియాక్ట్‌ది. తేదీని 1990-02-31 అని పంపితే జేసన్‌ను చదివే జాక్సన్ లైబ్రరీ ఒప్పుకోలేదు. బాగానే ఉందనుకుంటే, ఫ్రంటెండ్ కుర్రాడు వచ్చాడు. "అన్నా, 400 బ్యాడ్ రిక్వెస్ట్ అని మాత్రమే వస్తోంది. ఏ ఫీల్డ్ తప్పో నాకెలా తెలుస్తుంది?" నిజమే. చదవలేని మొదటి విలువ దగ్గరే జాక్సన్ ఆగిపోతుంది. పాత బైండింగ్‌రిజల్ట్‌లా అన్ని గడుల తప్పులూ పోగుచేసి ఇవ్వదు. కంట్రోలర్‌అడ్వైస్ ఒకటి రాసి ఫీల్డు పేరు పంపే ఏర్పాటు చేశాను. ఆ చేత్తోనే, మనవాళ్లు రోజు ముందు, ఏడాది చివర రాస్తారు కదా అని తేదీకి జేసన్‌ఫార్మాట్ యానొటేషన్ తగిలించి, రోజు-నెల-సంవత్సరం ప్యాటర్న్ ఇచ్చాను. మళ్లీ 31-02-1990 పంపించాను. ఈసారి 400 రాలేదు, 200 వచ్చింది. డేటాబేస్ తెరిచి చూస్తే, పుట్టిన తేదీ గడిలో 1990 ఫిబ్రవరి 28 అని ఉంది.